నీలి రిబ్బను పిల్ల

కెల్బీ ప్రాథమిక పాఠశాల భోజనశాల గోడకి ఒక ట్రాఫిక్ లైటు ఉండేది. రోడ్డు మీద ఉండేలాంటిదే, కాస్త చిన్నది. ఆకుపచ్చ వెలిగితే పిల్లలు మాట్లాడుకోవచ్చు. పసుపు వెలిగితే గొంతు తగ్గించాలి. ఎరుపు వెలిగితే నూట ఎనభై మంది పిల్లలూ నోరు మెదపకుండా తినాలి. దాని మీట వంటింటి కిటికీ పక్కన, ఐవా మల్లిన్స్ చేతికి అందేటట్టు ఉండేది.

ఐవా ఆ బడిలో పంతొమ్మిదేళ్లుగా వంట చేస్తోంది. వయసు యాభై ఎనిమిది. భర్త బొగ్గు గనిలో పనిచేసి, ఊపిరితిత్తుల నిండా దుమ్ము పేరుకుని చనిపోయాడు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది కాబట్టి టీచర్ల గదిలో అడుగు పెట్టాలంటే ఆమెకి ఇప్పటికీ బెరుకే. భోజనశాల మాత్రం ఆమె రాజ్యం. వెస్ట్ వర్జీనియా కొండల్లో ఇంత నిశ్శబ్దంగా పిల్లలు తినే బడి ఇంకోటి చూడలేదని తనిఖీకి వచ్చినవాళ్లు రాసి వెళ్లారు. ఆ కాగితాన్ని ఆమె గాజు పలక పెట్టించి పొయ్యికి ఎదురుగా తగిలించుకుంది.

నెలకోసారి, ఆఖరి శుక్రవారం నాడు, అందరికన్నా నెమ్మదిగా ఉన్న పిల్లకో పిల్లాడికో ఆమె నీలి రిబ్బను ఇచ్చేది. మెరిసే గుడ్డ కొని, ఇంట్లో కూర్చుని, తన చేత్తోనే పువ్వులా కుట్టి తెచ్చేది. అక్టోబరు రిబ్బను రెండో తరగతి డెల్లాకి వచ్చింది. నవంబరుదీ డెల్లాకే వచ్చింది. జనవరిదీ ఆ పిల్లకే పిన్నుతో గుచ్చుతూ, "ఇలాంటి పిల్లలు పదిమంది ఉంటే చాలు, నా జుట్టు ఇంకో ఇరవై ఏళ్లు తెల్లబడదు" అంది ఐవా. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు.

డెల్లా నవ్వలేదు. "థాంక్యూ అండీ" అంది. ఐవా ముఖంకేసి కాకుండా, పిన్ను పట్టుకున్న చేతికేసి చూస్తూ అంది.

పాఠకులారా, ఆ రోజు మనం అక్కడ ఉన్నా చప్పట్లే కొట్టేవాళ్లం. అల్లరి చేయని పిల్లని ఎవరు మెచ్చుకోరు? చెప్పిన మాట వినే పిల్ల మన ఇంట ఉంటే నలుగురికీ చెప్పుకోమా? ఆ భోజనశాలలో చెడ్డవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ పిల్లల్ని ప్రేమించేవాళ్లే. అయినా ఒక పిల్ల బాధకి వాళ్లు మూడుసార్లు బహుమతి ఇచ్చారు.

ఫిబ్రవరిలో జిల్లా కార్యాలయం నుంచి కబురు వచ్చింది. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లలు, తిండీ లాలనా కరువైన పిల్లలు, కళ్లముందు చూడరానివి చూసి బెదిరిపోయిన పిల్లలు బడికి వచ్చినప్పుడు వాళ్లని ఎలా గుర్తుపట్టాలో, వాళ్లతో ఎలా మాట్లాడాలో రెండు రోజులు నేర్పుతారట. టీచర్లకే కాదు, బస్సు తోలేవాళ్లకీ, ఊడ్చేవాళ్లకీ, వండేవాళ్లకీ కూడా.

గొణుగుళ్లకి కొదవ లేదు. బస్సు డ్రైవరు డ్వైట్ అయితే అందరికీ వినబడేటట్టే అన్నాడు. "పదిహేడేళ్లుగా ఈ మలుపుల్లో పిల్లల్ని మోస్తున్నా. వెనక్కి తిరక్కుండానే ఎవడు ఎవడి టోపీ లాగాడో చెప్తా. నాకు పిల్లల్ని చూడ్డం నేర్పుతారట. రేపు మా ఆవిడకి రొట్టె కాల్చడం నేర్పుతారు కాబోలు."

తన సంగతి వేరని ఐవా అనుకుంది. అంతమంది వస్తున్నారంటే కాఫీ పెట్టడానికే తనని రమ్మని ఉంటారు. పొద్దున్నే లేచి, మాంసం ముక్కలు లోపల పెట్టి రొట్టెలు కాల్చి, పెద్ద పళ్లెంతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

పాఠం చెప్పడానికి వచ్చినామె పేరు జెనీవా ఆడ్కిన్స్. ఇరవై రెండేళ్లు ఇంటింటికీ తిరిగి పిల్లల్ని కాపాడే ఉద్యోగం చేసిన మనిషి. మోకాళ్లు అరిగి కర్ర పట్టుకుని నడుస్తారు. ఆమె ముందుగా చేసిన పని గుమ్మం దగ్గరికి రావడం.

"పళ్లెం బల్ల మీద పెట్టి ముందు వరసలో కూర్చోండమ్మా" అన్నారు.

"నేను వంటమనిషినండి."

"అందుకే ముందు వరస. పిల్ల టీచరు దగ్గర అబద్ధం ఆడగలదు. ఆకలి దగ్గర ఆడలేదు. అది చూసేది మీరు."

ఐవా కూర్చుంది. టీచర్ల మధ్య కుర్చీలో కూర్చోవడం ఆమెకి ఆ బడిలో అదే మొదటిసారి.

జెనీవా గారు ఉపన్యాసం మొదలుపెట్టలేదు. మిమ్మల్ని అందరికన్నా ఎక్కువ విసిగించే పిల్లలెవరని అడిగారు. పేర్లు వానలా కురిశాయి. బోర్డు నిండిపోయింది. ఒక కుర్రాడి పేరు రెండుసార్లు రాయమని డ్వైట్ కోరాడు. నవ్వులు అయ్యాక ఆమె ఇంకో ప్రశ్న వేశారు. అస్సలు విసిగించని పిల్ల ఎవరు?

నలుగురైదుగురు ఒకేసారి "డెల్లా" అన్నారు. ఐవా గొంతే అందరికన్నా పైకి వినిపించింది. మూడు రిబ్బన్ల సంగతి కూడా ఆమె గొప్పగా చెప్పింది.

జెనీవా గారు ఆ పేరు రాయలేదు. సుద్దముక్క చేతిలో పట్టుకుని ఒక్కొక్కటే అడిగారు. ఆ పిల్ల స్నేహితురాలెవరు? దేనికి నవ్వుతుంది? తనంతట తను మాట్లాడటం ఎవరైనా ఆఖరుసారి ఎప్పుడు విన్నారు? ఆరు నెలలుగా రోజూ చూస్తున్న పిల్ల గురించి డెల్లా టీచరు కార్లీన్ దగ్గర ఒక్క జవాబూ లేదు.

"పోనీ, ఆమెకి ఏం తినడం ఇష్టం?"

ఇది తన ప్రశ్న. ఐవా వెంటనే అందుకుంది. "ఏది పెట్టినా తింటుందండి. వంక పెట్టదు. పళ్లెం చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకుని నాలుగు నిమిషాల్లో ఖాళీ చేసేస్తుంది. ఎవరైనా పక్క నుంచి వెళ్తే..."

అక్కడ ఆమె మాట ఆగిపోయింది. ఎవరైనా పక్క నుంచి వెళ్తే ఆ పిల్ల నమలడం ఆపేస్తుంది. ఐవా అది రోజూ చూస్తోంది. చూసి, మర్యాద అనుకుంది. ఇప్పుడు తన నోటితో తనే చెప్పుకుంటుంటే అది వేరేగా వినబడింది.

జెనీవా గారు కోప్పడలేదు. కొందరు పిల్లలు పుట్టుకతోనే నెమ్మదిగా ఉంటారని, డెల్లా అలాంటి పిల్లే అయితే అంతకన్నా సంతోషం లేదని అన్నారు. కానీ చప్పుడు చేసినప్పుడల్లా దెబ్బలు తిన్న పిల్ల చప్పుడు చేయడం మానేస్తుంది. కనబడకుండా ఉండటమే బతకడం అనుకుంటుంది. ఏది నిజమో తేల్చడం బడి పని కాదు, దానికి వేరే మనుషులున్నారు. చూడటం, వినడం, విన్నది అదే రోజు చెప్పడం, ఈ మూడే మన పనులు. విన్నవాళ్లే స్వయంగా ఫోను చేయాలి, ఇంకొకరి మీద పెట్టకూడదు.

మధ్యాహ్నం ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి అభ్యాసం చేయించారు. ఒకరు పిల్ల, ఒకరు పెద్ద. పిల్ల కళ్లకన్నా కిందకి కూర్చోవాలి. ఏం విన్నా ముఖం మారకూడదు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు. పిల్ల నోట్లో మాట పెట్టకూడదు.

ఐవాకి డ్వైట్ జతపడ్డాడు. ఆరడుగుల మనిషి, ఆరేళ్ల పిల్లాడిలా ముడుచుకుని కూర్చుని, చెయ్యి నొప్పిగా ఉందన్నాడు.

"అయ్యో నా తండ్రీ, మీ నాన్న కొట్టాడా?" అంది ఐవా.

"నాకు నాన్నెక్కడున్నాడమ్మా, పోయిన ఏడే పారిపోయాడుగా" అన్నాడు డ్వైట్. పక్కవాళ్లు పగలబడి నవ్వారు.

జెనీవా గారు మాత్రం కర్ర ఆనించి ఐవా ఎదురుగా నిలబడ్డారు. "నాన్న అని ఎవరన్నారు? మీరన్నారు. ఇప్పుడు ఈ పిల్లాడు అవునంటే అది మీ మాటా, వాడి మాటా? రేపు కోర్టులో అవతలి లాయరు ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని కొట్టినవాణ్ని ఇంటికి పంపిస్తాడు. జాలి పడండి, తప్పులేదు. దాన్ని ప్రశ్నలో పెట్టకండి."

ఐవా ముఖం ఎర్రబడింది. పంతొమ్మిదేళ్లలో ఎవరూ ఆమె పనిని నలుగురిలో తప్పు పట్టలేదు. ఇంటికి వెళ్లి ఏడ్చింది. తనలాంటి చదువులేనిదానికి ఇవి అబ్బవు, రేపు పళ్లెం పెట్టేసి వచ్చేద్దాం అనుకుంది. మర్నాడు పొద్దున్న పిండి పిసుకుతూ ఉంటే, నాలుగు నిమిషాల్లో ఖాళీ అయ్యే పళ్లెం గుర్తొచ్చింది. పిండి ముద్దనే పిల్లనుకుని అంది: "ఏం జరిగిందో చెప్పు." ఇంకోసారి పిసికి అంది: "తర్వాత ఏమైంది?" ఈ రెండు మాటలే నేర్చుకుంది. రొట్టెలు పొయ్యిలోకి వెళ్లేదాకా ఆ రెండే అంటూ ఉంది.

శిక్షణ అయ్యాక వచ్చిన సోమవారం ఐవా స్టూలు ఎక్కి ట్రాఫిక్ లైటు తీగ పీకేసింది. ప్రిన్సిపాల్ స్టిడమ్ గారు పరుగున వచ్చారు. ఈ గోల భరించడం తన వల్ల కాదన్నారు. రెండు వారాలు ఓపిక పట్టమంది ఐవా. ఆ రెండు వారాలూ ఆయన చెవుల్లో దూది పెట్టుకుని తిరిగారని పిల్లలు చెప్పుకుంటారు గానీ, అది నిజం కాదు.

ఇంకో పని కూడా చేసింది. పిల్లలందరికీ వేడి రొట్టె మీద యాపిల్ జామ్ కావాలా, తేనె కావాలా అని అడగడం మొదలుపెట్టింది. మిగతావాళ్లు రెండూ కావాలని గొడవ చేసేవాళ్లు. డెల్లా మాత్రం "ఏదైనా పరవాలేదండి" అనేది. తొమ్మిది రోజులు అదే జవాబు. ఐవా ఒత్తిడి చేయలేదు. రోజూ అడిగేది, ఒకరోజు అదీ ఒకరోజు ఇదీ వేసేది. పదో రోజు డెల్లా మాట్లాడకుండా వేలు చాపి జామ్ సీసా చూపించింది. ఐవా సీసా మూత తిప్పి జామ్ వేసింది. ముఖం మారనివ్వలేదు.

మార్చి మొదటి శుక్రవారం మధ్యాహ్నం డెల్లా మోచెయ్యి తగిలి పాల డబ్బా ఒలికింది. రోజూ పది డబ్బాలు ఒలికే చోట అదేమీ వింత కాదు. కానీ ఐవా కిటికీలోంచి చూసేసరికి డెల్లా కుర్చీలో లేదు. బల్ల కింద, ఒక చెయ్యి నెత్తికి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో నేలని గౌను కొసతో తుడుస్తోంది.

ఐవా గరిటె వదిలేసి వచ్చింది. బల్ల పక్కన నేల మీద, ఆ పాలలోనే కూర్చుంది.

"నేను తుడిచేస్తానండి. బొగ్గు గదిలో పెట్టకండి" అంది డెల్లా.

పిండి ముద్దతో అన్న మాట ఐవా నోటికి వచ్చింది. "ఏం జరిగిందో చెప్పు తల్లీ."

"చప్పుడు చేస్తే రే బొగ్గు గదిలో పెట్టి గొళ్లెం వేస్తాడు."

రే ఆ పిల్ల తల్లితో కలిసి ఉంటున్న మనిషి. ఊళ్లో అందరికీ తెలిసినవాడే. వాడు కొడతాడా, తిండి పెట్టడా, మీ అమ్మ ఏం చేస్తుంది, ఇలా పది ప్రశ్నలు ఐవా నాలుక చివర నిలబడ్డాయి. వాటన్నిటినీ మింగింది.

"తర్వాత ఏమైంది?"

"లెక్కపెడతాను. వెయ్యి వచ్చాక మళ్లీ ఒకటి నుంచి. ఏడిస్తే మళ్లీ మొదటికొస్తుంది అంటాడు." డెల్లా మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది. "ఐవమ్మా, ఎవరికీ చెప్పవు కదూ?"

పాఠకులారా, ఆ క్షణంలో చెప్పనని అనేయడం కన్నా తేలిక పని లేదు. ఆ ఒక్క మాటతో పిల్ల ఒళ్లో వాలిపోయేది. ఐవా ప్రాణమంతా ఆ మాట అనమంటోంది.

"అలా మాట ఇవ్వలేను తల్లీ. పిల్లల్ని కాపాడటమే ఉద్యోగమైన వాళ్లున్నారు, వాళ్లకి చెప్తాను. నువ్వు తప్పేం చేయలేదు. పాలు ఒలికితే ఇక్కడ తుడుస్తాం, అంతే."

డెల్లా ముఖం తిప్పేసుకుంది. ఐవా చాపిన చెయ్యి అందుకోలేదు. ఆ నిమిషం తను ఎలా భరించిందో ఐవాకి ఇప్పటికీ తెలియదు. పక్కనే కూర్చుని ఉండిపోయింది.

కార్లీన్ వచ్చి డెల్లా పక్కన కూర్చున్నాక ఐవా లేచి, పాల డబ్బాల జాబితా కాగితం వెనక వైపు, పెద్ద పెద్ద అక్షరాలతో, విన్నది విన్నట్టు రాసింది. టైము వేసింది. తను ఏం అడిగిందో అదీ రాసింది. ఆ తర్వాత కార్లీన్ ఆ కాగితం చదివి, ఇలా పంపితే బాగుండదేమో, చీకటి గదిలో నిర్బంధించుచున్నాడని రాద్దామా అంది.

"ఆ పిల్ల బొగ్గు గది అంది కార్లీన్. బొగ్గు గదే రాయాలి."

ప్రిన్సిపాల్ గారికి వేరే బెంగ పట్టుకుంది. రే తల్లి, ఆయన భార్య ఒకే చర్చిలో పాడతారు. ఇది శుక్రవారం మధ్యాహ్నం. సోమవారం నిదానంగా ఆలోచించి చేస్తే నయం కాదా అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. చిన్న ఊళ్లో బతికేవాడు, అంతే.

ఐవా పంతొమ్మిదేళ్లలో ఆయనకి ఎదురు చెప్పలేదు. "శనివారం ఆ పిల్ల ఎక్కడ ఉంటుంది సార్? ఆదివారం ఎక్కడ ఉంటుంది?" అని అడిగింది.

ఆయన తన బల్ల మీది ఫోను ఆమె వైపు తిప్పారు.

ఐవా తనే మాట్లాడింది. కాగితంలో ఉన్నదే చదివింది, ఒక్క మాట కలపలేదు. అధికారులు కొండ దాటి రావడానికి నలభై నిమిషాలు పడుతుందన్నారు. శుక్రవారాలు భోజనాలు కాగానే బడి వదిలేస్తారు, బస్సు కదలడానికి పది నిమిషాలే ఉంది. ఆ పది నిమిషాలూ అయ్యాయి. పిల్లలందరూ ఎక్కి కూర్చున్నారు, డెల్లా కూడా. అధికారులు వచ్చేదాకా పిల్లని ఆపే హక్కు బడికి లేదని, కార్లీన్ వెళ్లి సంగతి డ్వైట్ చెవిన వేసింది. బస్సు కదల్లేదు. డ్వైట్ ముందు మూత ఎత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని ఇంజనుకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఏమైందయ్యా?" అని అడిగారు ప్రిన్సిపాల్ గారు.

"వేడెక్కిందండి."

"ఇంకా స్టార్టే చేయలేదు కదా."

"అదేనండి నాకూ అర్థం కావట్లేదు" అన్నాడు డ్వైట్, తల పైకెత్తకుండా.

ప్రిన్సిపాల్ గారు డ్వైట్ ముఖం చూశారు. తర్వాత ఆయన కూడా వచ్చి పక్కన నిలబడి ఇంజనుకేసి చూశారు. అధికారుల కారు గేటులోకి తిరిగేదాకా ఇద్దరూ అలాగే చూస్తూ ఉన్నారు.

ఆ సాయంత్రం డెల్లా తన ఇంటికి వెళ్లలేదు. వాగు అవతల ఉండే పెద్దమ్మ ఇంటికి వెళ్లింది. అధికారులు వెళ్లి చూస్తే బొగ్గు గది ఉంది, బయట గొళ్లెం ఉంది, లోపల గోడ మీద చిన్న చిన్న గీతలు ఉన్నాయి. తర్వాత జిల్లా కేంద్రంలో పిల్లలతో మాట్లాడటంలో ఆరితేరిన ఒకామె డెల్లాని నెమ్మదిగా అడిగి తెలుసుకుంది. పిల్ల అక్కడ చెప్పిన మాటలూ, పాల జాబితా వెనక ఉన్న మాటలూ ఒక్కటే. పిల్ల నోట్లో ఎవరో మాట పెట్టారని అనడానికి రే తరఫు లాయరుకి సందు దొరకలేదు. రే శిక్షపడి వెళ్లాడు. డెల్లా తల్లి పెద్దమ్మ ఇంటికి వారానికోసారి వచ్చి కూతుర్ని చూసి వెళ్తోంది. ఇలాంటి ఇళ్లలోంచి బయటపడ్డవాళ్లకి తోడ్పడే మనుషుల దగ్గర తను కూడా సాయం తీసుకోవడం మొదలుపెట్టింది.

డెల్లా మూడు వారాలు ఐవాతో మాట్లాడలేదు. రోజూ వరసలో నిలబడి జామ్ సీసాకేసి వేలు చూపించి వెళ్లిపోయేది. ఐవా రోజూ అడుగుతూనే ఉంది.

రెండేళ్లు గడిచాయి. ఇప్పుడు చుట్టుపక్కల ఏడు జిల్లాల నుంచి వంటవాళ్లూ డ్రైవర్లూ ఊడ్చేవాళ్లూ ఈ పాఠం నేర్చుకోవడానికి కెల్బీకి వస్తారు. జెనీవా గారు మోకాళ్ల ఆపరేషను చేయించుకుని కర్ర పక్కన పెట్టారు. రెండో రోజు పాఠం మాత్రం ఆమె చెప్పరు. ఐవా చెబుతుంది, టీచర్ల గదిలో, బోర్డు ముందు నిలబడి. పిల్లాడి వేషం ఎప్పుడూ డ్వైట్‌దే. నాన్న పారిపోయిన సంగతి అతను ఈపాటికి యాభైసార్లు చెప్పి ఉంటాడు, ప్రతిసారీ కొత్తగా నవ్విస్తాడు. ఐవా పొయ్యికి ఎదురుగా ఉన్న గాజు పలకలో తనిఖీవాళ్ల కాగితం తీసేసింది. ఇప్పుడు అందులో ఆమె పేరుతో ఉన్న శిక్షకురాలి పత్రం ఉంది.

మొన్న మే నెలలో నలభై రెండు మంది వచ్చారు. ఐవా చెబుతూ ఉండగా భోజనం గంట కొట్టారు. గోడ అవతల నూట ఎనభై గొంతులు ఒక్కసారి లేచాయి. కుర్చీలు లాగారు, ఎవడో బల్ల మీద దరువు వేశాడు. ముందు వరసలో కూర్చున్న వంటామె ఒకావిడ చెవులు మూసుకుని, మీ పిల్లలకి అదుపు లేదేంటమ్మా అంది.

అంతలో ఆ గోలనంతటినీ చీల్చుకుంటూ ఒక గొంతు వినబడింది. "యాపిల్ జామ్ అయిపోయిందా? ఎవరు తినేశారు? నాది ఎవరు తినేశారు?"

తలుపు దగ్గర నిలబడ్డ డ్వైట్ గోడకి తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఐవా ముఖంలో ఉన్న గర్వం అక్కడున్న నలభై రెండు మందీ చూశారు.

"అది మా డెల్లా" అంది. "నాలుగో తరగతి. ఆ గొంతు విని ఇప్పుడు మా ప్రిన్సిపాల్ గారు కూడా చెవులు మూసుకోరు. ఒకప్పుడు ఆ పిల్ల నోరెత్తనందుకు నేను మూడు రిబ్బన్లు కుట్టి ఇచ్చాను. ప్రేమతోనే ఇచ్చాను. మనలాంటివాళ్లకి ప్రేమ తక్కువేం కాదు, ఉన్న ప్రేమని ఎలా వాడాలో నేర్చుకోవాలి, అది ఏ వయసులోనైనా, ఏ చదువుతోనైనా నేర్చుకోవచ్చు. మీ బడికి వెళ్లాక ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. చప్పుడు చేయని పిల్లని మెచ్చుకునే ముందు, ఆ పిల్ల ఎందుకు చప్పుడు చేయడం లేదో కనుక్కోండి."